కొలత ఎవరి చేతిలో?

మా అమ్మకు చదువు రాదు. అయినా కరెంటు బిల్లు మీద అంకె ఎంత బరువో ఆమెకు తెలుసు. విడపనకల్లులో శెనిక్కాయలు ఒలిచిన కూలితోనే బిల్లు కట్టేది. ఒలిచిన విత్తనాలను ఆసామి తన సేరుతో కొలిచేవాడు. ఇంట్లో బల్బును మీటరు కొలిచేది. రెండు కొలతలూ మా చేతిలో లేవు.

ఇప్పుడు నేను సర్కారు బడిలో అయ్యవారిని. మా ఇంట్లో మొదటి డిగ్రీ నాదే. పిల్లోళ్లకు యూనిట్ లెక్క ఇట్ల చెప్తాను. వెయ్యి వాట్లు ఒక గంట వాడితే ఒక యూనిట్. 60 వాట్ల బల్బు రోజుకు 5 గంటలు వెలిగితే నెలకు 9 యూనిట్లు. 5 హార్స్ పవర్ మోటారు 7 గంటలు ఆడితే ఒక్కరోజుకే 26 యూనిట్లు. అంటే మాదిగవాడలో ఒక ఇంటి బల్బు దగ్గర దగ్గర మూడు నెలలు తినే కరెంటు, చేన్లో ఒక్క పగటికి సరి.

ఆ మోటారుకు చానా చోట్ల మీటరే ఉండేది కాదు. మునుపు హార్స్ పవర్ లెక్కన కట్టేవాళ్లు. 2004 మేలో వై.ఎస్. రాజశేఖరరెడ్డి ముఖ్యమంత్రి కాగానే పెట్టిన తొలి సంతకంతో అదీ ఉచితమైంది. రైతుకు ఇవ్వొద్దని నేను అనను. ఈ కరువు సీమలో బోర్లు ఎండి రైతులూ ఉరి పోసుకున్నారు. నేను అడిగేది వేరే. భూమి ఉన్నోనికి ఇస్తే హక్కయింది, భూమి లేనోనికి ఇస్తే దానం ఎట్లయింది?

2019లో ఎస్సీ, ఎస్టీ కాలనీల ఇండ్లకు నెలకు 200 యూనిట్ల దాకా ఉచితం చేసినారు. టీ కొట్టు కాడ ఒకాయన "మీకేం సార్, కరెంటు గూడా ఊరికేనే" అన్నాడు. నా ఇంటి బిల్లు నేనే కడతా. ఆయన బోరుకేమో అప్పటికి పదిహేనేండ్లుగా బిల్లు లేదు. ఆ సంగతి ఆయనకు గుర్తుకే రాలేదు. ఎట్ల వస్తుంది? కొలవనిది కంటికి కనపడదు. మాది నెలనెలా కాగితం మీద అచ్చయి వస్తుంది.

1942 నుంచి 1946 దాకా వైస్రాయ్ కౌన్సిల్లో కార్మిక సభ్యుడుగా ఉన్న అంబేడ్కర్ కరెంటు విధానాన్నీ చూసినాడు. అది చౌకగా, పుష్కలంగా దొరకాలని 1943లోనే వాదించినాడు. ఆయనకు కరెంటు దానం కాదు, పేదరికం పోయే దారి.

మీటరు వద్దని నేను అనను. పెడితే అందరికీ పెట్టండి. మా వాడ చేతులు ఎన్ని ఎకరాలకు నీళ్లు కట్టినాయో, ఎన్ని మూటలు ఒలిచినాయో, అందులో ఎంత కూలి ఎగ్గొట్టినారో ఆ లెక్క గూడా తీయండి. ఎవరు ఎవరికి బాకీనో అప్పుడు మాట్లాడుదాం.