పగ్గమునకు ముందు నమ్మకము

శరీరము రథము, బుద్ధి సారథి, మనస్సు పగ్గము, ఇంద్రియములు గుఱ్ఱములు అను పోలిక కఠోపనిషత్తునందు ప్రసిద్ధము. దీనిని వినిన వారిలో పెక్కుమంది పగ్గమును బిగించుటయే నిగ్రహమని తలంతురు. అది సరియేనా? ఈ ఉపమానములోని స్వారస్యము తెలియవలెనన్నచో, నేర్పరియైన శిక్షకుడు నిజమైన గుఱ్ఱమును ఎట్లు తీర్చిదిద్దునో చూడవలెను.

ఆస్ట్రియా దేశపు వియన్నా నగరమున స్పానిష్ అశ్వశిక్షణాలయము కలదు. 1735లో పూర్తియైన అచటి మందిరమున నేటికిని తెల్లని లిపిజానర్ అశ్వములు శిక్షణ పొందుచున్నవి. అక్కడనేమి, ఇతరత్రనేమి, పడుచు గుఱ్ఱముపై మొదటనే రౌతు ఎక్కడు. శిక్షకుడు నడుమ నిలిచి, దాని ముక్కుపట్టీకి తగిలించిన ఏడెనిమిది మీటర్ల పగ్గమును పట్టుకొని తన చుట్టును వలయముగా నడిపించును. చేతిలో పొడవైన కొరడా ఉండును. అది కొట్టుటకు కాదు, దారి చూపుటకు. ఎక్కువ పని కంఠస్వరమే చేయును.

ఈ శిక్షణలో ప్రక్క పగ్గములనెడి సాధనము కలదు. గుఱ్ఱపు నోటిలోని కళ్ళెమునుండి పొట్టచుట్టునున్న పట్టెడకు ఇరుప్రక్కల వీనిని తగిలింతురు. మెడ నిలకడగా నుంచి, కళ్ళెపు స్పర్శకు గుఱ్ఱమును అలవాటు చేయుటయే వీని ప్రయోజనము. అయితే వీనిని తగిలించుట ఎప్పుడు? మాట విని నడచుట, పరుగెత్తుట, ఆగుట కుడియెడమల రెండింటను వచ్చిన పిమ్మటనే. ముందుగా పట్టెడ ఒక్కటియే కట్టుదురు. అది అలవడిన పిదప కళ్ళెము. ఆ తరువాతనే ప్రక్క పగ్గములు. అవియు మొదట మిక్కిలి వదులుగా, రెండు ప్రక్కల సమముగా, శరీరము వేడెక్కిన పిదప కొద్ది నిమిషములు మాత్రమే. వారముల తరబడి కొంచెము కొంచెముగా కుదింతురు. విశ్రాంతివేళ విప్పివేయుదురు, మెడ చాచుకొనుటకు ఎడమీయవలెను గదా!

తొందరపడినచో ఏమగును? మొదటినాడే బిగించిన గుఱ్ఱము ఎటు కదలినను నోటికి నొప్పియే. దారి తోచక ముందుకాళ్ళెత్తి వెనుకకు పడిపోవచ్చును. పడకున్నను వేరొక కీడు కలదు. మెడ వంగి చూపులకు అందముగానే ఉండును. వీపు మాత్రము కొయ్యబారును. అది నేర్చినది కాదు, కట్టబడినది. బలవంతమున వచ్చిన భంగిమలో సౌందర్యము లేదని క్రీస్తుపూర్వము నాలుగవ శతాబ్దమున గ్రీకు రచయిత జెనోఫోన్ తన అశ్వశాస్త్ర గ్రంథమునందే చెప్పెను. ఒత్తిడికంటె, సరిగా చేసిన క్షణమున ఆ ఒత్తిడి సడలుటయే గుఱ్ఱమునకు బోధయని నేటి పరిశీలకులును చెప్పుచున్నారు.

అట్లని పగ్గమే వలదనుట కాదు. ఆధారమే లేని గుఱ్ఱము వంకరగా పరుగెత్తి కాళ్ళు చెరచుకొనవచ్చును. కాన ప్రశ్న సాధనమును గూర్చినది కాదు. అది శిష్యుని గ్రహింపునకు తోడగుచున్నదా, గురువు తొందరకు తోడగుచున్నదా? దీనికొక పరీక్ష కలదు. పగ్గము విప్పిన పిమ్మట కూడ గుఱ్ఱము కుదురుగా నడచినచో అది విద్య; విప్పిన వెంటనే చెదరినచో అది కట్టు మాత్రమే.

గృహములందును ఇంతే. ఊహ తెలియని బాలునిచే ఏకాదశినాడు పూర్ణోపవాసము చేయించి, భక్తి అలవడినదని పెద్దలు సంతసింతురు. కనుచాటైనంతనే వాడు ఏమి చేయునో చూచినగాని అది భక్తియో భయమో తేలదు. తన మనస్సును తాను శిక్షించుకొను సాధకునకును ఈ పరీక్షయే వర్తించును. మనస్సును ధైర్యముతో కూడిన బుద్ధిచే మెల్లమెల్లగా మరల్చుకొనవలెనని గీత ఆరవ అధ్యాయము బోధించుట ఇందుకే.

ఆ గీతను చెప్పినవాడు స్వయముగా పగ్గములు పట్టిన సారథి. సైంధవవధ జరిగిన నాడు రణమధ్యమున అలసిన గుఱ్ఱములను విప్పి, వాని మేన నాటిన బాణములను తన చేతులతో ఊడదీసి, మాలిష్ చేసి, నీరు త్రాగించెనని భారతము ద్రోణపర్వమున చెప్పుచున్నది. అప్పుడు ప్రొద్దు వ్రాలుచున్నది, అర్జునుని ప్రతిజ్ఞ మిగిలియున్నది. అయినను పరమాత్మ తొందరపడలేదు.