తెర మీది దుఃఖం, మన పూచీ

తెనాలి



అమ్మాయీ, నువ్వు ప్రపంచ సినిమాలు శ్రద్ధగా చూస్తున్నందుకు సంతోషం. కురొసావా, బెర్గ్‌మన్, డి సికా పేర్లతో నిండిన నీ ఉత్తరంలో రెండు మాటలు అన్నావు. ఎవరి దుఃఖమో చూసి మనం ఏడిస్తే ఎవరికేం ఒరుగుతుందని ఒకటి, అలాంటి సినిమా మన వైపు ఎప్పుడూ పుట్టలేదని రెండోది. రెండింటికీ జవాబు ఒకటే కాబట్టి కలిపే రాస్తున్నాను. దుఃఖాన్ని చూపడం పెద్ద విద్య కాదు. వానా, వయొలినూ, పసిబిడ్డ ఏడుపూ ఉంటే ఏ హాలైనా కంటతడి పెడుతుంది. ఆ దుఃఖానికి పూచీ ఎవరిదని అడగడమే విద్య. అడిగి, చూసేవాణ్ణి కూడా ఆ పూచీలోకి లాగగలిగినవాడే గొప్ప దర్శకుడు. ఈ కొలతతో చూస్తే నీ రెండు మాటలూ మార్చుకోవలసి వస్తుందని నా నమ్మకం.

నువ్వు మెచ్చిన సినిమాలే తీసుకో. 1952లో కురొసావా తీసిన ‘ఇకిరు’లో వతనబె అనే ముసలి ప్రభుత్వోద్యోగికి కేన్సర్. జాలి పుట్టించడానికి అది చాలు. కురొసావా మాత్రం మురికిగుంట పూడ్చి పార్కు కట్టమని వచ్చిన తల్లుల్ని ఒక బల్ల నుంచి ఇంకో బల్లకి తిప్పిన ఆఫీసులో ఆ ముసలాయనే పెద్ద అని ముందే చూపించాడు. చావబోయేవాడూ, ఊరి బాధకి కారకుడూ ఒక్కడే. బెర్గ్‌మన్ 1963 నాటి ‘వింటర్ లైట్’లో బతుకు మీద భయం పట్టుకున్న ఒక జాలరి పాదిరీ దగ్గరికి ధైర్యం కోసం వస్తాడు. పాదిరీ తన సందేహాలన్నీ అతని మీదే కుమ్మరిస్తాడు. జాలరి వెళ్లి ప్రాణం తీసుకుంటాడు. దేవుడున్నాడా లేడా అన్న తర్కం కంటే, నమ్మకాన్ని వృత్తిగా పెట్టుకున్నవాడు ఎదుటి మనిషికి ఏమయ్యాడన్నదే అక్కడ ప్రశ్న. డి సికా 1948లో తీసిన ‘బైసికిల్ థీవ్స్’ ఇంకో అడుగు వేస్తుంది. సైకిలు పోగొట్టుకున్న పేదవాడు చివరికి తనే ఇంకొకడి సైకిలు మీద చెయ్యి వేస్తాడు, కన్నకొడుకు చూస్తుండగా. ముగ్గురిలో ఏ ఒక్కరూ బాధపడేవాణ్ణి దేవుణ్ణి చెయ్యలేదు. పూచీ లెక్కలోంచి ఎవర్నీ తప్పించలేదు.

ఇక మన వైపుకి రా. 1938లో గూడవల్లి రామబ్రహ్మం ‘మాలపిల్ల’ తీశాడు. అందులోని దళిత యువతి పాత్ర వేసింది మన తెనాలి వైపు కాంచనమాల. ప్రేమకథగా చెప్పుకున్నా అందులో అసలు మారవలసినవాడు గుడి మీద పెత్తనం ఉన్న సుందరరామశాస్త్రి. తలుపు తెరవవలసిన చెయ్యి ఎవరిదో రామబ్రహ్మానికి బాగా తెలుసు. మరుసటి ఏడే ‘రైతుబిడ్డ’ వచ్చింది. జమీందారీ దౌర్జన్యం మీద తీసిన ఆ సినిమాకి మాటలు రాసింది త్రిపురనేని గోపీచంద్. తండ్రి రామస్వామి చౌదరి తెనాలిలో కట్టుకున్న సూతాశ్రమపు హేతువాదం ఆయన ఇంటి గాలి. పాటలు రాసిన కొసరాజు రాఘవయ్య బాపట్ల దగ్గర అప్పికట్ల మనిషి. చల్లపల్లి జమీందారు అధ్యక్షుడుగా ఉన్న సారథి సంస్థే ఆ సినిమా తీయడం, జమీందార్లు దాని మీద కత్తి కట్టడం, ప్రదర్శన నిషేధానికి గురికావడం, ఇవన్నీ చరిత్రలో ఉన్నాయి. జనాన్ని ఏడిపించే సినిమాని ఎవరూ నిషేధించరు. లెక్క అడిగే సినిమాకే ఆ గౌరవం దక్కుతుంది.

దర్శకుడు కాశీనాథుని విశ్వనాథ్ కూడా మన వైపే, రేపల్లె తాలూకా పెదపులివర్రులో 1930లో పుట్టాడు. సంగీతం, నాట్యం, సంప్రదాయం అంటూ ఆయన్ని ఒక చట్రంలో బిగించేశారు. 1981 నాటి ‘సప్తపది’ చూస్తే ఆ చట్రం చాలదని తెలుస్తుంది. దళిత యువకుణ్ణి ప్రేమించిన మనవరాలు తాతగారి మాట కాదనలేక మేనబావని పెళ్లాడుతుంది. ఆ మేనబావ పూజారి. ఆమె మనసు తెలుసుకున్నాక ఆమెను భార్యగా ముట్టుకోలేకపోతాడు. అప్పుడు కథ భారమంతా యాజులు అనే ఆ వృద్ధుడి మీద పడుతుంది. తను చదివిన శాస్త్రం, తను నమ్మిన దైవం, తను పెంచిన పిల్ల, ఈ మూడింటి మధ్య ఆయన నలిగిపోయి, చివరికి అగ్నిసాక్షిగా జరిగిన పెళ్లిని పక్కన పెట్టి మనవరాల్ని ఆమె కోరుకున్నవాడికి అప్పగిస్తాడు. విశ్వాసాన్ని వదులుకోకుండానే విశ్వాసం చేసిన తప్పుని దిద్దడం ఇది. బెర్గ్‌మన్ పాదిరీ ఓడిపోయిన పరీక్షలో యాజులు నెగ్గాడు. జాతీయ సమైక్యతకి ఇచ్చే నర్గీస్ దత్ పురస్కారం ఆ సినిమాకి వచ్చింది.

తెనాలిలో పుట్టిన శారదని తెలుగువాళ్లు కన్నీటి పాత్రల నటిగా గుర్తుపెట్టుకున్నారు. అదే శారద మలయాళ దర్శకుడు అదూర్ గోపాలకృష్ణన్ చేతిలో ఏమైందో చూడు. 1972 నాటి ‘స్వయంవరం’లో పెద్దల్ని ఎదిరించి పెళ్లాడిన జంట పట్నంలో బతకలేక బతుకుతుంది. భర్తకి కోత మిల్లులో ఉద్యోగం దొరికింది ఇంకొకణ్ణి తీసేసినందువల్ల. ఉద్యోగం పోయినవాడు మాటా పలుకూ లేకుండా ఇతన్ని చూస్తుంటాడు. మన పూట గడవడం వెనక ఎవరి పస్తు ఉందో ఆ చూపు అడుగుతుంది. 1981 నాటి ‘ఎలిప్పత్తాయం’లో శారదే రాజమ్మ. చేతి పని చేసుకోవడం చేతకాని తోడబుట్టినవాడికి చాకిరీ చేసి చేసి, పెళ్లి సంబంధాలు జారిపోయి, మంచాన పడుతుంది. ఆ ఇంట్లో కొట్టేవాడు లేడు, తిట్టేవాడు లేడు. పీడన అంటే కొరడాయే అనుకునేవాళ్లకి ఆ సినిమా పాఠం. అడిగిన వెంటనే మంచినీళ్లు అందే ప్రతి ఇంటికీ ఆ పాఠం వర్తిస్తుంది.

నా ఈ కొలతకి ఒక బలమైన అభ్యంతరం ఉంది, నువ్వు అడగకముందే నేనే చెబుతాను. పెద్దకులంవాడి మనసు మారడమే కథ అయితే, బాధపడినవాడు ఆ మార్పు కోసం ఎదురుచూసే బొమ్మగా మిగిలిపోడా? నిజమే. ‘మాలపిల్ల’లో శాస్త్రిగారి భార్యని మంటల్లోంచి ఒక దళితుడు కాపాడాక గానీ ఆయన మెత్తబడడు. గుడిలోకి రావడానికి ప్రాణదానం చెయ్యవలసిన అవసరం ఎవరికీ ఉండకూడదు. ‘సప్తపది’లో ప్రేమించిన కుర్రాడి కంటే తాతగారే ఎక్కువగా మాట్లాడతాడు. అందుకే ఈ సినిమాలు సగం పనే చేశాయంటాను. మిగతా సగం కోసం బాధపడినవాళ్ల కంటితో తీసినవి చూడాలి. ఆఫ్రికాలో సెంబేన్ 1966లో తీసిన ‘బ్లాక్ గర్ల్’లో ఫ్రెంచి ఇంటి పనిమనిషి మనసు మనకి తన మాటల్లోనే వినిపిస్తుంది. తెలంగాణలో బి. నర్సింగరావు 1988లో తీసిన ‘దాసి’లో దొర గడీలోని కమలాక్షి బతుకు కట్నంతోపాటు వచ్చిన సామాను బతుకు. ఆ రెండు సినిమాలూ ఎవరి మనసు మారడం కోసమూ కాచుకోవు. అయినా పెత్తనం ఉన్నచోట కూర్చున్నవాడికి అద్దం పట్టే పని అనవసరమైపోదు. బాధితుడి గొంతు వినాలి, పెత్తందారుకి నిలదీత తగలాలి. ఒకటి ఉందని రెండోది మానకూడదు.

రెండో అభ్యంతరం ఇంకా కఠినమైనది. సినిమాలు మనుషుల్ని మార్చవు అంటావు. దానికి రుజువు మన మధ్యనే ఉంది. తెనాలి నుంచి బాపట్ల వెళ్లే రైలు దారిలో చుండూరు. ‘సప్తపది’ వచ్చిన పదేళ్లకి, 1991 జూలైలో, ఆ ఊరి సినిమా హాల్లో ఒక దళిత యువకుడి కాలు ముందు వరసలో కూర్చున్న పెద్దకులపు యువకుడికి తగిలింది. దాంతో మొదలైన గొడవ సాంఘిక బహిష్కరణ అయి, ఆగస్టు 6న ఎనిమిది మంది దళితుల హత్యతో ముగిసింది. ఆ ఊళ్లోనే పెట్టిన ప్రత్యేక కోర్టు 2007లో 56 మందికి శిక్ష వేసింది. 2014లో హైకోర్టు అందర్నీ విడిచిపెట్టింది. తెర మీద ఎవరి బాధకో కరిగే మనుషులున్న హాల్లోనే పక్కవాడి పాదం భరించలేని మనిషీ ఉన్నాడు. దీన్ని దాటవేసి సినిమా గొప్పతనం గురించి మాట్లాడే హక్కు మన ప్రాంతంవాళ్లకి లేదు.

అయితే దీన్నిబట్టి సినిమా వ్యర్థమని తేల్చడం సరికాదు. ‘ఇకిరు’ చివరి భాగం గుర్తు తెచ్చుకో. వతనబె పార్కు కట్టి చనిపోయాక సంతాపానికి వచ్చిన తోటి ఉద్యోగులు తాగి, ఏడ్చి, మేమూ మారతామని ప్రమాణాలు చేస్తారు. మర్నాడు అదే బల్ల, అదే నిర్లక్ష్యం. కన్నీటికి ఎంత ఆయుష్షో కురొసావాకి మనకంటే ముందే తెలుసు. తెలిసీ తీశాడు, ఎందుకంటే పార్కు మాత్రం నిజంగా ఏర్పడింది. దర్శకుడు చూపించగలడు. చెయ్యడం చూసినవాడి వంతు. ఆ వంతు మనం ఎగ్గొట్టి తప్పు తెర మీద వేయడం న్యాయం కాదు.

కాబట్టి నీకు నేను చెప్పేది ఇది. ఏడుపు వస్తే ఏడువు, సిగ్గుపడకు. ఏడ్చాక మాత్రం ఆ కథలో పెత్తనం ఎవరిదో చూడు. అలాంటి పెత్తనపు కుర్చీలో నీ బతుకులో నువ్వు ఎక్కడ కూర్చున్నావో వెతుకు. ఇంట్లో నీ ఎంగిలి కంచం తీసే చేతిలో, రేపు నీ ఉద్యోగంలో నీ సంతకం కోసం నిలబడే మనిషిలో, హాల్లో నీ పక్క సీటులో అది దొరుకుతుంది. దొరికినచోట నీ వల్ల అయ్యే ఒక్క పని వెంటనే చెయ్యి. వందల సినిమాలు చూశానని నాకు రాయకు. ఒక సినిమా చూసి ఎవరితో నీ నడవడి మార్చుకున్నావో రాయి. ఆ ఉత్తరం కోసం చూస్తుంటాను.

ఆశీస్సులతో,
తాతయ్య