తగ్గించిన డబ్బు ఎవరిది?

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు మన పెద్దలు. కట్టిన ఇంటికి రిపేరు చేయించి చూడమని మాత్రం ఎందుకో అనలేదు. ఏడాదికోసారి సంక్రాంతి ముందు సున్నం వేయించడం, వానలు పడకముందే పెంకులు నేయించడం తప్ప వాళ్ళకి వేరే బాధ ఉండేది కాదు కాబోలు!

ఇల్లు కట్టేటప్పుడు ముహూర్తం పెట్టే పురోహితుడి దగ్గర్నుంచి అప్పిచ్చే బ్యాంకు దాకా నలుగురూ మన వెనక ఉంటారు. రిపేరుకి ఎవరూ ఉండరు. "మేస్త్రీ వస్తాడు, కాస్త చూసుకో" అని మగవాళ్ళు ఒక్క ముక్క చెప్పి ఆఫీసుకి వెళ్ళిపోతారు. ఇంటినిండా దుమ్మూ, మూడుపూటలా కాఫీలూ, ఇసుక చాల్లేదన్న కబురూ, రాని ప్లంబరు కోసం ఎదురుచూపులూ అన్నీ ఆ "కాస్త"లోకే వస్తాయి. ఉద్యోగం చేసే ఇల్లాలైతే సెలవు పెట్టేదీ ఆవిడే. అంచేత ఇది అచ్చంగా మన సమస్యే.

నలుగురు ఆడవాళ్ళం కలిస్తే ఈ కబుర్లకి అంతుండదు. "మాకు దేవుడిలాంటి మేస్త్రీ దొరికాడండీ" అంటుంది ఒకావిడ. "మమ్మల్ని నిలువునా ముంచాడండీ" అంటుంది ఇంకో ఆవిడ. మంచివాడు దొరకడం, మోసగాడు తగలడం అంతా జాతకంలో ఉన్నట్టే మాట్లాడుకుంటాం. నిజంగా ఇది అదృష్టమేనా? ఇందులో మన వంతు ఏమీ లేదా? చాలాకాలంగా నాకీ ప్రశ్న తెగడం లేదు.

ముందు చేదు కబురు చెబుతాను. మూడేళ్ళ కిందట విజయవాడలో మా ఇంట్లో మేడమీది బాత్‌రూము బాగుచేయించాం. ముగ్గురు వచ్చి చూశారు. ఒకాయన అరవై వేలన్నాడు, ఒకాయన అరవై ఎనిమిది, మూడో ఆయన ఎనభై అయిదు. మూడో ఆయన చేతిలో రంగురంగుల పుస్తకం, వెనక ఇద్దరు అసిస్టెంట్లు, మాటలో మర్యాద. డబ్బు పోతే పోయింది, పని బాగుంటుందని మావారు ఆయనకే ఇచ్చారు. పని అయ్యాక చూస్తే, చెప్పొద్దూ, పెళ్ళికూతురిలా ఉంది బాత్‌రూము. చుట్టాలొస్తే తలుపు తీసి మరీ చూపించాం.

మూడో నెలలో కింద అద్దెకున్నవాళ్ళ పడకగదిలో పైకప్పు మీద అరచేయంత మరక కనిపించింది. ఆర్నెల్లకి అది చాపంతయింది. కంట్రాక్టరు మొదట "వస్తానమ్మా" అన్నాడు, తర్వాత "ఊళ్ళో లేను" అన్నాడు, ఆ తర్వాత ఫోనెత్తడమే మానేశాడు. ఇంకో మేస్త్రీని పిలిపించి తవ్విస్తే సంగతి బయటపడింది. టైల్సు కింద నీరు దిగకుండా వెయ్యాల్సిన పూత అసలు వెయ్యనే లేదు. ఒక్కొక్క టైలు కిందా నడుమ ఇంత సిమెంటు ముద్ద, అంచులన్నీ డొల్ల. నేల వాలు కూడా తూమువైపు లేదు. పైకి కనిపించేదంతా బంగారం, కనిపించనిదంతా గాలి!

ఇప్పుడు మంచి కబురు. ఆ తర్వాతి వర్షాకాలంలో మా వంటింటి పైకప్పు ఉరవడం మొదలుపెట్టింది. ఒక కంపెనీ మనిషి వచ్చి డాబా అంతా మందుపూత వెయ్యాలనీ, లక్షా పదివేలవుతుందనీ చెప్పి వెళ్ళాడు. మా పనమ్మాయి వాళ్ళ పేటలోంచి ఒక తాపీ మేస్త్రీని తీసుకొచ్చింది. శ్రీకాకుళం వైపునుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డ మనిషి, అరవై దగ్గర పడుతుంటాయి. ఆయన డాబా మీదికెళ్ళి ముందు నాలుగు బకెట్ల నీళ్ళు పోయించాడు. నీళ్ళు ఎటు పోతున్నాయో, ఎక్కడ నిలుస్తున్నాయో చూస్తూ అరగంట గొంతుక్కూచున్నాడు. వాననీళ్ళ గొట్టం మూతి వేపాకులతోటీ, పావురాల ఈకలతోటీ పూడిపోయి ఉంది. నిలిచిన నీళ్ళు, పిట్టగోడా శ్లాబూ కలిసేచోట వెంట్రుకంత నెర్రె పట్టుకుని కిందికి దిగుతున్నాయి.

"డాబాకేం రోగం లేదమ్మా. ఈ మూల బాగుచేస్తే చాలు. సామానుతో కలిపి ఏడువేలు ఇప్పించండి" అన్నాడు.

మా అత్తగారు బేరమాడకుండా కొత్తిమీర కట్ట కూడా కొనరు. "ఏం మేస్త్రీ, ఇంత మూలకి ఏడువేలా? అయిదు చేసుకో" అన్నారు.

ఆయనకి కోపం రాలేదు. "తగ్గించమంటే తగ్గిస్తాను పెద్దమ్మగారూ. ఏది తగ్గించమంటారో మీరే చెప్పండి. సిమెంటు తగ్గించనా? నీళ్ళు తడిపే రోజులు తగ్గించనా? నా కూడా వచ్చే కుర్రాడి కూలి తగ్గించనా? నాకు మిగిలేదాంట్లో అయిదువందలు తగ్గిస్తాను, అది నాది. తక్కినవి నావి కావు కదండీ!"

మా అత్తగారు ఆరున్నర వేలకి ఒప్పుకున్నారు. నేను మాత్రం ఆ మాట దగ్గరే ఆగిపోయాను. కాలేజీలో అరిస్టాటిల్ దగ్గర్నుంచి అందరినీ చదివాను గానీ, బేరానికి ఇంతకంటే స్పష్టమైన ధర్మశాస్త్రం ఎక్కడా తగల్లేదు నాకు. బేరం చేసి మనం తగ్గించిన డబ్బు ఎక్కడో ఒకచోటినుంచి తగ్గాలి. అతని లాభంలోంచి తగ్గితే అది న్యాయమైన బేరం. పనిలోంచి తగ్గితే అది మన గోడలోంచే తగ్గినట్టు. కూలివాడి ఒంట్లోంచి తగ్గితే... ఆ సంగతికి తర్వాత వస్తాను.

పనిలోంచి తగ్గడమంటే ఏమిటో కాస్త చెప్పాలి. చీరకొనేటప్పుడు అంచు తిప్పి చూస్తాం, వంకాయ కొనేటప్పుడు పుచ్చు చూస్తాం. సిమెంటు పనిలో పుచ్చు కనపడదు. ఒక పాలు సిమెంటుకి నాలుగు పాళ్ళు ఇసుక కలిపినా, ఎనిమిది కలిపినా, పూసిన సాయంత్రం గోడ ఒక్కలాగే ఉంటుంది. నీళ్ళు ఎక్కువ పోస్తే మాలు సులువుగా సాగుతుంది, మేస్త్రీకి శ్రమ తప్పుతుంది, ఆరాక బలం ఉండదు. కలిపిన సిమెంటు కొద్దిసేపట్లోనే పట్టు పట్టడం మొదలెడుతుంది. భోజనాలకి వెళ్ళొచ్చి గట్టిపడ్డ మాలులో మళ్ళీ నీళ్ళుపోసి వాడితే ఆ పట్టు విరిగిపోతుంది. ఇక తడపడం. సిమెంటు ఎండి గట్టిపడుతుందనుకుంటాం గానీ, అది నీటితో కలిసి గట్టిపడుతుంది. కాంక్రీటుని కనీసం ఏడు రోజులు తడిగా ఉంచాలి, దాని బలాన్ని 28వ రోజున లెక్కగడతారు. తడపని పనికీ తడిపిన పనికీ మొదటి వారంలో తేడా తెలియదు. తేడా తెలిసేనాటికి కంట్రాక్టరు ఊళ్ళో ఉండడు.

అంటే ఈ వృత్తిలో నిజాయితీ అంతా పూతకింద ఉంటుంది. మనం కుర్చీ వేసుకుని పక్కన కూచున్నా చూడగలిగేది పూతనే.

మరి పని ఎలా అప్పగించాలి? రోజుకూలికి ఇస్తే రెండు రోజుల పని నాలుగు రోజులు సాగుతుందని మన భయం. గుత్తకి ఇస్తే నాలుగు రోజుల పని రెండు రోజుల్లో లేచిపోతుంది. మొదటిదాంట్లో తొందరపడితే అతనికి నష్టం, రెండోదాంట్లో నిదానిస్తే నష్టం. మనం ఏ పద్ధతి పెట్టుకుంటే ఆ పద్ధతికి తగ్గ ఆశ అతని ముందు పెడుతున్నాం. ఆశకి లొంగడం అతని తప్పే, కాదనను. ఎర ఏదో ఎంచుకున్నది మాత్రం మనం.

ఇక్కడ మీకో సందేహం రావాలి. "మరి నీ ఎనభై అయిదు వేల పెద్దమనిషి సంగతేమిటమ్మా? అతనికి అడిగినంతా ఇచ్చారుగా, అయినా ముంచాడుగా?" అని. నిజమే. ఎక్కువ డబ్బు నిజాయితీని కొనలేదు. ఆయన చేసింది అచ్చమైన మోసం, దానికి ఏ సాకూ లేదు. కానీ తక్కువ డబ్బు ఇంకో పని చేస్తుంది. నిజాయితీగా ఉండాలనుకునేవాణ్ణి కూడా ఉండనివ్వదు. నలభై వేలకి తక్కువ కాని పనిని ముప్ఫైకి ఒప్పించి, "బాగా చెయ్యి నాయనా" అనడం, పావుశేరు పాలిచ్చి శేరు పెరుగు తోడెయ్యమన్నట్టే. పుట్టుమోసగాణ్ణి మనం మార్చలేం. మంచివాణ్ణి మోసగాణ్ణి చెయ్యకుండా ఉండగలం. మన వంతు ధర్మం అంతవరకేననుకుంటాను. అంతవరకే అయినా, అది చిన్నదేం కాదు.

ఇప్పుడు ఒంట్లోంచి తగ్గే డబ్బు సంగతి. మా ఎదురింటి వదినగారు కిందటేడు రెండంతస్తుల ఇంటికి బయట రంగులు వేయించారు. ఇద్దరిని అడిగారు. ఒకతను సారువ కట్టి వేస్తానన్నాడు. రెండో అతను తొమ్మిదివేలు తక్కువకి, సారువ లేకుండా, డాబా మీంచి తాడు దించి వేయిస్తానన్నాడు. వదినగారు రెండో అతనికిచ్చారు. నా గది కిటికీలోంచి రోజూ కనపడేది. ఇరవై ఏళ్ళ కుర్రాడు, నడుముకి బెల్టు లేదు, తలకి టోపీ లేదు, ఒక చెక్కపలక మీద కూచుని ఒక చేత్తో తాడు, ఒక చేత్తో బ్రష్షు.

"వదినగారూ, చూస్తుంటేనే కళ్ళు తిరుగుతున్నాయండీ" అన్నాను.

"వాళ్ళకి అలవాటేలెండి" అన్నారావిడ.

అలవాటు తాడుకి బలం ఇవ్వదు. ఆ కుర్రాడు పడలేదు, పని పూర్తయింది, వదినగారికి తొమ్మిదివేలు మిగిలాయి. వాడు పడలేదు కాబట్టి అది మిగులయింది. పడి ఉంటే దాని పేరు వేరే. తొమ్మిది రోజులూ ప్రతి క్షణం ఆ తొమ్మిదివేల రూపాయల్నీ వాడు తన ప్రాణంతో మోశాడు, వాడికి తెలియకుండానే.

వదినగారు కఠినాత్మురాలు కాదు సుమండీ. మధ్యాహ్నం వాడికి పెరుగన్నం పెట్టి, ఆవకాయ వేశారు. వెళ్ళేటప్పుడు వాళ్ళబ్బాయి చొక్కాలు రెండిచ్చారు. మనందరం ఇంతే. జాలి చూపడం మనకి తేలిక, ఎందుకంటే అది మన ఇష్టం మీద ఆధారపడినది, పైగా పుణ్యం. న్యాయం అలా కాదు, అది అవతలివాడికి బాకీ. బాకీని ఎగ్గొట్టి దానం చెయ్యడం మనకి ఎప్పుడూ బాగానే తోస్తుంది.

ఇదేమీ కొత్త ప్రశ్న కాదు. సుమారు 3,750 ఏళ్ళ కిందట బాబిలోను రాజు హమ్మురాబి చెక్కించిన శాసనాల రాయి ఇప్పుడు పారిస్ లూవ్ర్ మ్యూజియంలో ఉంది. కట్టిన ఇల్లు కూలి యజమాని చచ్చిపోతే కట్టినవాణ్ణి చంపాలని అందులో ఉందని చాలామందికి తెలుసు. దానికి సరిగ్గా ముందు ఏముందో మాత్రం ఎవరూ చెప్పుకోరు. ఇల్లు కట్టినవాడికి ఇంత విస్తీర్ణానికి ఇంత వెండి ఇవ్వాలని 228వ శాసనం. శిక్ష 229వది! ముందు కూలి ఖాయం చేసి, ఆ తర్వాతే గోడ నిలవాలన్నాడు. కళ్ళకి కళ్ళు పెరికించిన ఆ రాజుకి కూడా ఆ వరస తెలుసు.

మన చట్టాలూ ఉన్నాయి. డబ్బిచ్చి పొందిన సేవలో లోపం ఉంటే ఫిర్యాదు చేసుకోవడానికి 1986లో వినియోగదారుల చట్టం వచ్చింది, దాని స్థానంలో 2019లో కొత్తది చేశారు. అయితే చేతిలో రసీదైనా ఉండాలి కదా! భవన నిర్మాణ కార్మికుల రక్షణకి 1996లో ఒక చట్టం చేశారు. సొంత ఇంటికి పదిలక్షలు దాటకుండా పని చేయించుకునే మనబోటి వాళ్ళని అది తన పరిధిలోకి తీసుకోలేదు. తాడుమీద వేలాడే కుర్రాడు అలాంటి పనిలోనే ఉన్నాడు. చట్టం అడగనిచోట అడగవలసింది ఎవరు? గుమ్మంలో నుంచుని ఉన్న ఇల్లాలు కాక?

"మేమేమైనా కోటీశ్వరులమా, మా డబ్బు మాత్రం చెమట కాదా?" అంటారు మీరు. కాదని ఎవరంటారు? బేరం పాపం కాదు. జీతం రాళ్ళతో ఇల్లు నడిపేవాళ్ళకి అది ఒక విద్య. కాకపోతే పని ధర తగ్గించమనే బదులు పనే తగ్గించుకోవచ్చు. ఈ ఏడు రెండు గోడలు, వచ్చే ఏడు రెండు గోడలు. ఖరీదైన టైలు మాని మామూలు టైలు వేయించి, దాని కింద పూత మాత్రం గట్టిగా వేయించుకోవచ్చు. టైల్సు పరచకముందే బాత్‌రూములో నీళ్ళు నింపి ఒక రోజల్లా నిలబెట్టి చూడమనవచ్చు. నిజాయితీపరుడు ఆ మాటకి నొచ్చుకోడు, తన పని నాలుగు కళ్ళకీ కనబడిందని సంతోషిస్తాడు. మొత్తం డబ్బు ముందే ఇవ్వకుండా, పని జరిగినకొద్దీ ఇస్తామని కాగితం మీద రాసుకోవచ్చు. ఆ కాగితం మనకెంత రక్షణో అతనికీ అంతే. పని అయ్యాక "ఇంకో అయిదువందలు తగ్గించు" అనే మన ఆఖరి అస్త్రం కూడా దాంతో పోతుంది మరి!

ఇంక ఈసారి ఎవరైనా మీ గుమ్మంలో నుంచుని, మీరడగ్గానే గబుక్కున రెండువేలు తగ్గించేస్తే సంతోషించే ముందు ఒక్క మాట అడగండి. "ఎక్కణ్ణించి తగ్గిస్తున్నావు నాయనా?" అని. జవాబు చెప్పగలిగినవాడైతే పని అప్పగించండి. నవ్వేసి ఊరుకుంటే, ఆ రెండువేలూ ఎవరివో కాస్త ఆలోచించుకోండి.