కోత ఎవరికి?

ఈ మధ్య ఒక ఆదివారం సాయంత్రం ఆర్.కె. బీచిలో మా విచారణకు చెందిన ఒక తాతగారు, ఆయన మనుమడు ఎదురయ్యారు. కుర్సురా జలాంతర్గామిలోకి వెళ్ళి వచ్చి, మరమరాలు తింటూ నిలబడ్డారు. పిల్లవాడు అయిదో తరగతి. వాడు నన్ను చూడగానే, “ఫాదర్, విరాట్ ఓడ కూడా ఇక్కడికే వస్తుందన్నారట. మరెందుకు రాలేదు?” అని అడిగాడు. నేను నోరు విప్పేలోగానే తాతగారు, “డబ్బులు చాల్నేదట నాయనా” అన్నారు. వాడు ఊరుకోలేదు. “అయితే ముందే లెక్క చూసుకోలేదా తాతా?” అన్నాడు.

ఆ పసివాడు అడిగింది క్రీస్తుప్రభువు అడిగిన ప్రశ్నే. లూకా సువార్త 14వ అధ్యాయంలో ఒక గోపురం కట్టదలచిన మనిషి ప్రస్తావన ఉంది. పునాది వేసి పైకి లేపలేకపోతే చూసినవారంతా నవ్వుతారు గనుక, ముందుగా కూర్చుని ఖర్చు లెక్కించుకోవాలని ప్రభువు హెచ్చరిస్తారు. ఆ మాట శిష్యరికం గురించి చెప్పినదే అయినా, ఇల్లు కట్టే గృహస్థుకూ, ప్రణాళికలు వేసే ప్రభుత్వానికీ అందులో పాఠం ఉంది.

విరాట్ సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. 1959లో బ్రిటిష్ నౌకాదళంలో ‘హెర్మీస్’ పేరుతో చేరిన ఆ విమానవాహక నౌక 1987లో మన నౌకాదళానికి వచ్చింది. 2017 మార్చి 6న విశ్రాంతి తీసుకుంది. దానిని విశాఖ తీరానికి తెచ్చి మ్యూజియంగా, పర్యాటక కేంద్రంగా మార్చాలని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఉత్సాహపడింది. ఓడను తేవడం, నిలపడం, మార్పులు చేయడం వందల కోట్లతో కూడిన పని. అంత భారం మోసేవారు దొరకలేదు. తర్వాత మహారాష్ట్ర ప్రభుత్వం 2018లో 852 కోట్ల రూపాయల పథకానికి ఆమోదం తెలిపింది. అదీ కార్యరూపం దాల్చలేదు. చివరకు 2020 సెప్టెంబరులో ఆ నౌక గుజరాత్‌లోని అలంగ్‌కు, ఓడలు విరిచే రేవుకు చేరింది.

దీనికి బాధపడాలా? కొంత బాధ సహజమే. కాని ఇందులో పాపమేమైనా జరిగిందా అని ఆలోచిస్తే, జరిగిందని నేను చెప్పలేను. ఆ ఓడ కోసం ఎవరూ ఇల్లు ఖాళీ చేయలేదు, ఎవరి పొలమూ పోలేదు. మొదలుపెట్టకముందే లెక్క చూసి, మన వల్ల కాదని వెనక్కు తగ్గడం వివేకమే. దెబ్బ తిన్నది మన ముచ్చట మాత్రమే.

అదే తీరంలో కుర్సురాను చూడండి. 1969లో నౌకాదళంలో చేరి 31 ఏళ్ళు సేవ చేసిన ఆ జలాంతర్గామిని 2001 ఫిబ్రవరిలో సేవ నుండి విరమింపజేశారు. ఇసుకలో మీటరు మీటరుగా ఒడ్డుకు లాగి, 2002 ఆగస్టులో ప్రజలకు తెరిచారు. విరాట్‌తో పోలిస్తే చిన్న పని. కాని పూర్తయిన పని. నాటి నుండి ఎందరు పిల్లలు ఆ ఇరుకు ద్వారాల్లోంచి తల వంచుకుని నడిచారో లెక్కలేదు.

అయితే ఎప్పుడూ చిన్నదే మంచిదని, ఖర్చు తగ్గించడమే సుగుణమని అనుకోవడమూ పొరపాటే. పునీత తోమాసు అక్వినాసు తన వేదాంత మహాగ్రంథంలో ఒక అరుదైన సుగుణాన్ని చర్చిస్తారు. పెద్ద కార్యానికి తగినట్టుగా పెద్ద మనసుతో వెచ్చించే గుణం అది. దానిని ఆయన ధైర్యమనే సుగుణానికి అనుబంధంగా చెప్పారు. పెద్ద మొత్తం చేయి దాటించడానికీ గుండె కావాలి గదా! ఆ గుణానికి ఎదురుగా ఒక లోపం ఉంది. ఆయనకంటే ఎంతో ముందే అరిస్టాటిల్ దానిని గుర్తించాడు: ఎంతో ఖర్చు పెట్టి కూడా, ఏదో కొంచెం దగ్గర చేయి బిగబట్టి, మొత్తం కార్యాన్నే చెడగొట్టుకునే అలవాటు. మన పెద్దల భాషలో చెప్పాలంటే, ఏనుగును కొని అంకుశం దగ్గర బేరమాడడం.

ఇందుకు ఉదాహరణ వినోద వ్యాపారంలోనే దొరుకుతుంది. డిస్నీ సంస్థ 1992 ఏప్రిల్‌లో పారిస్ దగ్గర పెద్ద వినోద ఉద్యానం తెరిచి భారీ నష్టాల్లో పడింది. ఆ భయంతో అమెరికాలోని కాలిఫోర్నియాలో తలపెట్టిన మరో భారీ ప్రణాళికను విరమించుకుని, దాని స్థానంలో తక్కువ ఖర్చుతో ఒక ఉద్యానం కట్టి 2001లో తెరిచింది. వచ్చినవారు పెదవి విరిచారు. ఆశించినంత జనం రాలేదు. చివరకు 2007లో నూరు కోట్ల డాలర్లకు పైగా వెచ్చించి దానిని సరిదిద్దుతామని ప్రకటించవలసి వచ్చింది. ఆ పని 2012 వరకు సాగింది. పొదుపు అనుకున్నది రెండో ఖర్చయింది. అయినా అక్కడ పోయింది డబ్బు. ఆ డబ్బు మళ్ళీ వస్తుంది.

మన నగరంలో ఇంతకంటే బరువైన కోత ఒకటి జరిగింది. దానిని చాలామంది మరచిపోయారు.

1966లో ‘విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు’ అని రాష్ట్రమంతా ఒక్క గొంతుతో నినదించింది. టి. అమృతరావుగారు నిరాహారదీక్ష పట్టారు. కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. 1970 ఏప్రిల్‌లో ప్రధాని ఇందిరాగాంధీ పార్లమెంటులో కర్మాగారాన్ని ప్రకటించారు. 1971 జనవరి 20న శంకుస్థాపన చేశారు. ఆ శిలాఫలకం నిధుల కోసం ఏళ్ళ తరబడి ఎదురుచూసింది. ఏడాదికి 34 లక్షల టన్నుల ద్రవ ఉక్కు తీయాలని ప్రణాళిక సిద్ధమయింది. నిర్మాణం సాగుతుండగా నిధులు అందలేదు. ఆలస్యమైన కొద్దీ అంచనాలు పెరిగాయి. 1986లో ప్రణాళికను కుదించారు. సామర్థ్యం 30 లక్షల టన్నులకు తగ్గింది. ఒక స్టీల్ మెల్ట్ షాపు, ఒక మిల్లు కోతకు గురయ్యాయి. తక్కువ మందితో ఎక్కువ పని అన్నది కుదింపులో ఒక సూత్రమయింది. 1992 ఆగస్టు 1న ప్రధాని పి.వి. నరసింహారావు కర్మాగారాన్ని జాతికి అంకితం చేశారు.

ఆ కుదింపు తప్పని నేను అనను. అసలు ఏమీ లేకపోవడం కంటే 30 లక్షల టన్నులు నయం. ఆ నిర్ణయం వల్లనే కర్మాగారం పూర్తయిందని చెప్పేవారి మాటలోనూ న్యాయం ఉంది. తర్వాత విస్తరణ జరిగింది. సామర్థ్యం 73 లక్షల టన్నులకు చేరింది. అంటే నాడు కోసిన యంత్రాలు కాలక్రమంలో రెట్టింపుగా తిరిగి వచ్చాయి.

కాని మరొక లెక్క ఉంది. ఆ కర్మాగారం కోసం 64 గ్రామాల ప్రజలు భూములిచ్చారు. సేకరించిన భూమి 20 వేల ఎకరాలకు పైమాటే. కదిలిపోయిన కుటుంబాలు సుమారు 16 వేలు. అగనంపూడి, పెదగంట్యాడ, వడ్లపూడి కాలనీలలో వారి పిల్లలు, మనుమలు ఉన్నారు. చేతిలో ‘ఆర్ కార్డు’ పెట్టుకుని ఉద్యోగం కోసం ఎదురుచూసినవారిలో దాదాపు సగం మందికే అది దొరికింది. దీనికంతటికీ 1986 నాటి కుదింపే కారణమనడం సబబు కాదు. కారణాలు అనేకం. అయినా మిల్లుకు కోత పడినప్పుడు, తక్కువ మందితో పని నడపాలని నిర్ణయించినప్పుడు, ఆ వరుసలో నిలబడినవారి వంతు వెనక్కు జరగదా? 1986లో 18 ఏళ్ళున్న యువకునికి 2026లో 58 ఏళ్ళు. మిల్లు తర్వాత కట్టవచ్చు. అతని ఇరవై ఏళ్ళ వయసును ఎవరు తిరిగి కట్టగలరు?

ఇక్కడే విరాట్‌కూ ఉక్కుకూ తేడా. ఎవరూ ఏమీ ఇవ్వకముందు ప్రణాళిక తగ్గించుకోవడం వివేకానికి సంబంధించిన విషయం. ఒకరు తమదంతా ఇచ్చేసిన తర్వాత తగ్గించడం న్యాయానికి సంబంధించిన విషయం. భూమి ఇచ్చినవాడు దానం చేయలేదు, ఒక మాటను నమ్మాడు. అతనికి చేయవలసినది దయాధర్మం కాదు, బాకీ. 2వ జాన్ పాల్ పోపుగారు 1981లో వెలువరించిన ‘లబోరెమ్ ఎక్సెర్సెన్స్’ విశ్వలేఖలో పెట్టుబడికంటే శ్రమకు, అంటే యంత్రంకంటే మనిషికి, ప్రథమ స్థానమని బోధించారు. నిధులు నిండుగా ఉన్నప్పుడు ఈ బోధనను ఒప్పుకోవడం సులభం. నిధులు తరిగినప్పుడే దానికి అసలు పరీక్ష.

“లేని డబ్బు ఎక్కడి నుండి తెస్తారు ఫాదర్?” అని మీరు అడగవచ్చు. సరైన ప్రశ్నే. చేయలేనిది చేయమని దేవుడు కూడా అడగడు. దుప్పటి ఉన్నంత వరకే కాళ్ళు చాపుకోమన్నారు పెద్దలు. నేను అడిగేది ఒక్కటే. ఆ ఒక్క దుప్పటి కింద ఇంటిల్లిపాది పడుకున్నప్పుడు ముందుగా ఎవరి కాళ్ళు ముడవాలి? మన అలవాటు ప్రకారం చివర పడుకున్నవాడివి, నోరెత్తనివాడివి ముడుస్తాం. తిరిగి పెట్టగలిగినదానిని ముందు కోయాలి, తిరిగి ఇవ్వలేనిదానిని చివరి వరకు కాపాడాలి. న్యాయం కోరే వరుస ఇదేనని నాకు తోస్తుంది.

ఈ మాట చెప్పే అర్హత నాకు తేలికగా రాలేదు. చాలా ఏళ్ళ క్రితం ఒక చిన్న విచారణలో దేవాలయానికి ముఖద్వారం కట్టిస్తున్నాను. పండుగ దగ్గర పడింది. డబ్బు చాలలేదు. మేస్త్రీ ఊరుకోడు, సిమెంటు కొట్టువాడు ఊరుకోడు. ఉపదేశిగారు ఊరుకుంటారు. అందుకని ఆయన జీతం మూడు నెలలు ఆపాను. పండుగనాటికి ద్వారం సిద్ధమైంది. రంగుబల్బులు వేశాం, అందరూ మెచ్చుకున్నారు. ఉపదేశిగారు ఎప్పటిలాగే ముందు వరుసలో నిలబడి కీర్తన ఎత్తుకున్నారు. పండుగ కానుకలు రాగానే ఆయన బాకీ మొత్తం చెల్లించాను. చేతులు దులుపుకున్నాననుకున్నాను. ఆ ఏడు ఆయన కూతురు కళాశాలలో చేరలేదని, ఫీజు గడువు దాటిపోయిందని ఎంతో కాలానికి తెలిసింది. మరుసటి ఏడు చేరమంటే, పెళ్ళి కుదిరింది ఫాదర్ అన్నారు. ఆ మాటలో నిష్ఠూరం లేదు. ఉంటే నాకు కొంత తేలికగా ఉండేది.

కూలివానికి చెల్లించని కూలి దేవుని చెవిన మొరపెడుతుందని పునీత యాకోబు తన లేఖ 5వ అధ్యాయంలో హెచ్చరిస్తారు. ఎన్నోసార్లు ప్రసంగించిన అధ్యాయమే. ద్వారం మోజులో ఉన్ననాడు నాకు ఆ మొర వినిపించలేదు. నేను మూడు నెలల జీతం తిరిగి ఇచ్చాను. ఆ పిల్లకు ఒక్క సంవత్సరాన్ని తిరిగి ఇవ్వలేకపోయాను.

మన ఇళ్ళలోనూ ప్రతి ఏటా చిన్న బడ్జెట్లు, చిన్న కోతలు ఉంటాయి. కంపెనీలో ఓవర్‌టైము తగ్గుతుంది. రేవులో పని తగ్గుతుంది. వేట నిషేధం రోజుల్లో జాలరి ఇంట పొయ్యి నెమ్మదిస్తుంది. అప్పుడు ఇంటి యజమానీ ఇల్లాలూ కూర్చుని లెక్క వేస్తారు. అమ్మాయి చదువు ఆపుదామా, బారసాల విందు తగ్గిద్దామా? అమ్మ మందులు వాయిదా వేద్దామా, మేడమీద గది వాయిదా వేద్దామా? విందు తగ్గితే బంధువులు ఒక పూట చెప్పుకుంటారు. చదువు ఆగితే ఒక జీవితం మలుపు తిరుగుతుంది. మన దేవాలయ సంఘాల సమావేశాల్లోనూ ఇదే లెక్క. గోపురం ఎత్తు రెండడుగులు తగ్గినా ప్రభువు సత్ప్రసాదంలో తక్కువగా వేంచేయరు.

ఆ సాయంత్రం పిల్లవాని ప్రశ్నకు నేను ఇచ్చిన జవాబు చిన్నదే. “లెక్క చూసుకున్నారు బాబూ. అందుకే రాలేదు” అన్నాను. వాడు కాస్త ఆలోచించి, “అయితే మంచిదేలే” అని తాత చేయి పట్టుకున్నాడు. తాతగారు జేబులో చిల్లర లెక్కపెట్టి, తనకు టీ మానేసి వాడికి గాలిపటం కొన్నారు. కోత ఎక్కడ పెట్టాలో ఆయన ఎవరినీ అడగలేదు.