ఇల్లు ఖాళీ చేయునాటి లెక్క



మన పల్లెలలో అద్దె యింటి మాట ఒకప్పుడు అరుదు. పూరిల్లో, పెంకుటిల్లో, ఎవరి గూడు వారికుండెడిది. నేడట్లు కాదు. పిల్లల చదువు కొరకు శ్రీకాకుళములోనో విజయనగరములోనో గది తీసికొనువారును, పని కొరకు విశాఖపట్టణమునకో హైదరాబాదునకో కుటుంబముతో పోవువారును మనలో అనేకులు. ఇల్లు కుదుర్చుకొనునాడు అడ్వాన్సు అను పేర కొన్ని నెలల అద్దె ముందుగా చెల్లింతురు. ఆ సొమ్ము దూడను అమ్మగా వచ్చినదో, ఆడువారి మెడలోనిది తాకట్టు పెట్టగా వచ్చినదో అయియుండును. ఇల్లు విడుచునాడు అది తిరిగి రాకపోగా, ఇంకను నీవే బాకీ యని యజమాని చెప్పినయెడల ఏమి చేయవలెను? మాటాడక నష్టము భరించుటయే భక్తియా? లేక లెక్క అడుగుట ధర్మమా?

ఒక లెక్కను ఊహించి చూతము. నెలకు 5,000 రూపాయల అద్దె, అడ్వాన్సు 10,000. ఒక కుటుంబము మూడేండ్లు కాపురముండి, ఇల్లు ఊడ్చి, కడిగి, తాళము అప్పగించెను. యజమాని చీటీ వ్రాసెను: గోడల రంగులకు 6,000, శుభ్రము చేయించుటకు 1,500, తుఫానులో లేచిపోయిన పెంకులకు 2,000, విరిగిన కుళాయికి 500, కరెంటు బాకీ 900, పగిలిన కిటికీ అద్దమునకు 400. మొత్తము 11,300. అడ్వాన్సు పోగా మరి 1,300 ఇమ్మనెను. ఈ చీటీలో ఏది న్యాయము, ఏది అన్యాయము?

మోషే ధర్మశాస్త్రములో దీనికి దగ్గరి మాట యొకటి కలదు. నిర్గమకాండము 22వ అధ్యాయము 14, 15 వచనములు చూడుడి. ఒకడు పొరుగువాని పశువును ఊరక అడిగి తెచ్చుకొనగా, యజమానుడు దగ్గర లేనప్పుడు దానికి హాని కలిగినయెడల తెచ్చుకొన్నవాడు నష్టము అచ్చుకొనవలెను. అయితే బాడుగకు తెచ్చినదైనయెడల ఆ నష్టము బాడుగలోనే చేరినట్లు ఎంచబడెను. ఎద్దును దున్నుటకు బాడుగ కిచ్చినవాడు, కాడి రాసిన మెడకు వేరుగా వెల అడుగరాదు గదా! ఆ రాపిడికే బాడుగ. ఇంటి అద్దెయు అట్టిదే. మనుష్యులు కాపురమున్న గోడ మాయును, గడప అరుగును. ఆ అరుగుదలకు వెల నెలనెలా చెల్లుచునే యున్నది.

మన దేశపు చట్టము కూడ ఈ భేదమును పాటించుచున్నది. 1882 సంవత్సరపు ఆస్తి బదిలీ చట్టము, 108వ సెక్షను ప్రకారము, వేరు ఒప్పందము గాని స్థానిక ఆచారము గాని లేనప్పుడు, అద్దెకున్నవాడు ఇంటిని తాను పుచ్చుకొన్న స్థితిలోనే అప్పగింపవలెను. అయితే న్యాయమైన వాడుకవలన కలిగిన అరుగుదలయు, ఎదిరింపరాని శక్తివలన కలిగిన మార్పులును అతని మీద మోపబడవు. ఎదిరింపరాని శక్తి యనగా నేమో మన జిల్లాలవారికి చెప్పనక్కరలేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న పలాస ప్రాంతమున తీరము దాటిన తిత్లీ, కొబ్బరి జీడి తోటలనే పెకలించెను. అట్టి గాలికి లేచిన పెంకుల వెల అద్దెకున్నవాని దోషమెట్లగును?

కేంద్ర మంత్రివర్గము 2021 జూన్ 2న ఆమోదించిన నమూనా అద్దె చట్టములో, నివాసపు ఇంటికి అడ్వాన్సు రెండు నెలల అద్దెను మించరాదనియు, గోడలకు సున్నము, తలుపులకు రంగు యజమాని పని యనియు, కుళాయిలు, స్విచ్చులు, కిటికీ అద్దములు అద్దెకున్నవాని పని యనియు కలదు. ఇది రాష్ట్రములకు చూపిన మాదిరి మాత్రమే; రాష్ట్రము స్వీకరించినంత మట్టుకే చట్టమగును. అయినను న్యాయము ఎటున్నదో గ్రహించుటకు మనకు చాలును.

కాబట్టి పై చీటీలో కుళాయి, కరెంటు, అద్దము, మూడును కలిసి 1,800 రూపాయలు న్యాయమైన బాకీ. మిగిలిన 8,200 తిరిగి రావలసిన సొమ్ము. రంగుల ఖర్చు భరింతునని కాగితముమీద ముందే ఒప్పుకొని సంతకము చేసియుంటిమా, అప్పుడు మాట వేరు. అందుకే సంతకమునకు ముందు చదువవలెను, చదువురానివారు చదివించుకొనవలెను.

ఇప్పుడు అసలు ప్రశ్న. కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక 6వ అధ్యాయములో పౌలు, సహోదరులు వ్యాజ్యెమాడుటకంటె నష్టము సహించుట మేలని బోధించెను గదా యని కొందరందురు. నిజమే. అయితే నష్టము సహించుట ఒక దానము. దానము చేయువాడు తన సొమ్మునే, తన యిష్టముతోనే ఇయ్యవలెను. భయముచేత నోరు మూసికొని, దానికి క్షమాపణ యని పేరు పెట్టుట సత్యము కాదు. పైగా ఆ 8,200 రూపాయలలో భార్య కూలి కలదు, బిడ్డ ఫీజు కలదు. వారి నడుగక వారి భాగమును విడిచిపెట్టుటకు మనకు అధికారమెక్కడిది? మనము ఊరకున్నయెడల మన వెనుక ఆ యింటిలో చేరు బీదవానికిని అదే చీటీ వచ్చును. మనవారందరు కలిసి మనస్ఫూర్తిగా విడిచితిమా, అది ప్రేమ. భయపడి విడిచితిమా, అది అన్యాయమునకు ఇచ్చిన అద్దె.

లెక్క అడుగువాడు మొదట తన బాకీ తానే చెప్పవలెను. "అయ్యా, కుళాయి మా పిల్లవాడు విరుగగొట్టినాడు, ఆ వెల పట్టుకొనండి" అని ముందుగా అన్నవాని నోట తక్కిన మాట నిలుచును. పగిలిన అద్దమును పరదాతో కప్పి, రంగుల డబ్బు అన్యాయమని వాదించువాడు రెండు తూనికరాళ్లు ఉంచుకొన్న వర్తకుని వంటివాడు. ఎట్లును అడ్వాన్సు రాదను అనుమానముతో, ఒప్పందము లేకుండ చివరి నెలల అద్దె ఎగగొట్టుటయు మాట తప్పుటయే.

యాకోబు లాబానును విడిచి పోవునాటి సంగతి ఆదికాండము 31వ అధ్యాయములో చదువుదుము. లాబాను సామానంతయు వెదకెను. యాకోబు కోపపడెను గాని చేయి యెత్తలేదు. నీదేదైన దొరికినయెడల ఉభయుల బంధువుల యెదుట పెట్టుము, వారు తీర్పు తీర్చుదురు అనెను. మనకును అదియే మార్గము. ఇంటిలో చేరునాడే గోడల స్థితి ఫోటోలు తీసి, చెల్లించిన ప్రతి రూకకు రసీదు ఉంచుకొనవలెను. విడుచునాడు మొదట ఒంటరిగా వెళ్లి మర్యాదతో అడుగవలెను. వినకున్న ఉభయులు గౌరవించు పెద్దలను ఇద్దరిని తోడు తీసికొని పోవలెను. అప్పటికిని వినకున్న 1987 చట్టము క్రింద ఏర్పడిన జిల్లా న్యాయ సేవాధికార సంస్థ కలదు. స్త్రీలకును, ఆదాయము తక్కువగలవారికిని అక్కడ ఉచిత న్యాయ సహాయము దొరకును. లోక్ అదాలత్‌లో ఉభయుల సమ్మతితో కుదిరిన పరిష్కారము సివిలు కోర్టు డిక్రీతో సమానము; దానిపై అప్పీలు లేదు. అక్కడికి పోవుట పగ కాదు. పౌలు సయితము అన్యాయపు తీర్పు తప్పించుకొనుటకు కైసరు ఎదుట చెప్పుకొందుననెను.

తుదకు ఒక మాట. మనలో అద్దె కిచ్చువారును కలరు. పౌలు రోమాలో రెండేండ్లు అద్దె యింటిలో కాపురముండెనని అపొస్తలుల కార్యముల చివర కలదు. మన గుమ్మములో సామాను దించువాడు ఎవడో మనమెరుగము. అతడు బండి కట్టుకొని పోవునాడు మనమిచ్చు చీటీని, మన బిడ్డ పరాయి ఊరిలో అందుకొనినట్లు తలంచి వ్రాయుదము.