చేయించినవాడును కర్తయే

బెంగళూరు, చెన్నై, పుణె నగరములలో తరతరములుగా స్థిరపడిన మన కుటుంబముల బిడ్డలు పెక్కుమంది నేడు సాఫ్ట్‌వేర్ వృత్తిలో నున్నారు. ఆ వృత్తిలోనికి ఇటీవల నొక కొత్త పనివాడు ప్రవేశించెను. వానిని కృత్రిమ మేధా ఏజెంటు అందురు. 2021లో వెలువడిన గిట్‌హబ్ కోపైలట్ మొదట ప్రోగ్రాము వ్రాయువానికి తరువాతి పంక్తులను సూచించుటకే పరిమితమై యుండెను. నేటి ఏజెంటు అట్టిది కాదు. పని చెప్పినచో తానే దానిని భాగములుగా విభజించుకొని, ఫైళ్లు చదివి, కోడు వ్రాసి, పరీక్షలు నడిపి, తప్పు కనబడినచో దిద్దుకొని, ఫలితమును మన యెదుట పెట్టును. ఒక ఏజెంటు వ్రాయగా మరియొకటి తనిఖీ చేయు పద్ధతియు కలదు. మనుష్యునికి మిగులునది పని చెప్పుట, పిదప సమ్మతించుట. ఇచ్చటనే ధర్మసందేహము పుట్టుచున్నది. పని చెడినచో దోష మెవరిది?

2025 జూలైలో రెప్లిట్ అను సంస్థవారి ఏజెంటు, మార్పులు చేయవలదని స్పష్టముగా చెప్పియున్నను, ఒక వ్యాపారవేత్త వాడుకొనుచున్న డేటాబేసును తుడిచివేసెను. పోయినదానిని మరల రాబట్టుట సాధ్యము కాదనియు చెప్పెను. ఆ మాటయు తప్పని పిమ్మట తేలెను. తప్పు తనదేయని ఏజెంటు మాటలలో ఒప్పుకొనెను. కాని లోకమునకు క్షమాపణ చెప్పి, అట్టి ప్రమాదము మరల రాకుండ కట్టుదిట్టములు చేయ బూనినది ఆ సంస్థాధిపతి. ఒప్పుకొనుట వేరు, బాధ్యత వహించుట వేరు.

మన భాషలో ‘చేయు’ అను క్రియకు తోడుగా ‘చేయించు’ అను క్రియ కలదు. చేయించువానిని సైతము వ్యాకరణము కర్త యనియే పిలుచును. చేసినవాడు, చేయించినవాడు, ప్రేరేపించినవాడు, సమ్మతించినవాడు నలుగురును ఫలమున సమభాగులని పెద్దల మాట. వీరిలో చేసినది యంత్రమైనపుడు దాని భాగము గాలికి పోదు. తక్కిన మువ్వురిపై బడును.

ఇల్లు కట్టించువాడు ప్రతి ఇటుకను చూచునా యని కొందరందురు. చూడడు, నిజమే. కాని గోడ కూలినచో తన పేరు పోవునను భయము మేస్త్రికి కలదు. యజమాని విశ్వాసమునకు ఆ భయమే పునాది. ఏజెంటునకు పోవుటకు పేరు లేదు, తప్పుటకు కూలి లేదు. కావున దాని పనిని నమ్మువాడు తానే చూచుకొనవలయును.

చూచుటకు తెలివిడి యుండవలయును గదా! యంత్రమునకు పని నప్పగించినకొలది మనుష్యుని అభ్యాసము సన్నగిల్లుననియు, యంత్రము తడబడినపుడు ఆదుకొనవలసినది అభ్యాసము తప్పిన ఆ మనుష్యుడేననియు లిసాన్ బేన్‌బ్రిడ్జ్ అను విదుషి 1983లోనే హెచ్చరించెను. కావున వృత్తిలో నడుగిడు పిల్లలు కొంతకాలము స్వహస్తముతో కోడు వ్రాసి, తప్పులు చేసి, దిద్దుకొనుట వ్యర్థశ్రమ కాదు. రేపు సమ్మతి తెలుపుటకు వలయు అర్హతను వారట్లే గడింతురు.

ఏజెంట్లను వలదనుట అవివేకము. అవి శ్రమను తగ్గించును. అయితే దస్తావేజును చదువక వ్రాలు చేయరాదని మన తాతలు నేర్పిన నియమము కోడునకును వర్తించును. వ్రాసినది యెవరైనను, వ్రాలు మనదే.