వీరస్వర్గం అనవచ్చునా?

మన చిత్తూరు జిల్లాలో, ముఖ్యంగా పుంగనూరు వైపు, పాతకాలపు వీరగల్లులు చాలా ఉన్నాయి. కొన్ని వెయ్యేండ్ల నాటివి. రాయి మీద కత్తి పట్టిన వీరుడు. వీరగల్లుల్లో కొన్నింటి మీద అతన్ని చెరోపక్కా పట్టుకొని పైకి తీసుకుపోయే అప్సరసలు కూడా ఉంటారు. ఆ రాతి మీది నమ్మకమే మన నోట్లోనూ ఉంది. సైనికుడు చనిపోతే ఈ రోజుకీ ‘వీరస్వర్గం అలంకరించాడు’ అంటాం. ధమ్మమార్గంలో నడిచేవాళ్లం ఆ మాట అనవచ్చునా?

ఒక మనిషిని ఎదుట పెట్టుకొని ఆలోచిద్దాం. 1965 సెప్టెంబరు 21 రాత్రి. భారత వాయుసేన కాన్‌బెరా బాంబర్ ఒకటి పాకిస్తాన్ లోపల దాడి చేసి తిరిగి వస్తోంది. ఫాజిల్కా సరిహద్దు దగ్గరపడుతుండగా పాకిస్తాన్ ఎఫ్-104 విమానం చీకట్లో వెంటాడి సైడ్‌వైండర్ క్షిపణితో కొట్టింది. బాంబర్‌లో ఇద్దరే ఉన్నారు. పైలట్ సీటుతో సహా బయటికి ఎగిరి ప్రాణం దక్కించుకొని యుద్ధఖైదీ అయ్యాడు. నావిగేటర్ ఫ్లయింగ్ ఆఫీసర్ కపూర్ చనిపోయాడు. ఆ రకం కాన్‌బెరాలో ఎజెక్షన్ సీటు పైలట్‌కు మాత్రమే ఉండేది. నావిగేటర్ తలుపు దాకా పోయి దూకాల్సిందే. కూలిపోతున్న విమానంలో అది ఎంతమందికి సాధ్యం? దారి లెక్క కట్టడం, బాంబు వేసేటప్పుడు విమానం ముక్కులో బోర్లా పడుకొని గురి చూడటం అతని పని. 23వ తేదీన కాల్పులు ఆగిపోయాయి. రెండు రోజులు!

వీరగల్లు మీది వీరుడికి శత్రువు ఎదురుగా ఉండేవాడు. ఇక్కడ ఎవరూ ఎవరి మొగమూ చూడలేదు. క్షిపణి వదిలినవానికి ఆ బాంబర్ రాడార్ తెర మీద ఒక చుక్క. బాంబు వేసినవానికి కింద ఉన్నది మ్యాపు మీద ఒక గుర్తు. చూడలేదు కాబట్టి అంటదు అందామా? చేతనే కమ్మం అన్నాడు బుద్ధుడు. ఎత్తు పెరిగితే చేతన పలచబడదు.

సంయుత్త నికాయంలో యోధాజీవ సుత్తం ఉంది. యోధాజీవుడనే గ్రామణి బుద్ధుణ్ణి అడుగుతాడు: యుద్ధంలో పోరాడుతూ చచ్చినవాడు దేవలోకానికి పోతాడని మా పాతతరం గురువులు చెప్పారు, నిజమేనా? బుద్ధుడు వద్దు, అడగొద్దు అన్నాడు. రెండోసారీ అదే మాట. మూడోసారి ఇంక తప్పక చెప్పాడు: వీళ్లు చావాలి అనే తలపుతో అప్పటికే దిగజారిన మనసుతో చచ్చినవాడికి దేవలోకం లేదు, నరకమే. యోధాజీవుడు ఏడ్చాడు. బుద్ధుడు కఠినంగా మాట్లాడాడని కాదు, ఇన్నాళ్లూ పెద్దలు తనను మోసం చేశారని.

మనవాళ్లు కొందరు ఈ సుత్తం చదివి, చనిపోయిన సైనికుని ఇంటికి పోయి కూడా అదే అప్పజెప్పాలనుకుంటారు. అది ధమ్మం కాదబ్బా, మొరటుతనం. ఆ ప్రశ్న అడిగినవాడు బతికున్న సైనికుడు, ఇంకా కత్తి కింద పెట్టగలిగినవాడు. జవాబు అతనికోసం. కొడుకును పోగొట్టుకున్న తల్లి అడిగితే? బుద్ధుడు ముందు రెండుసార్లూ వద్దన్నాడు చూడండి, ఆమె ముందు మనకు ఆ మౌనం చాలు. ఆమె పక్కన కూర్చోవాలి, అన్నం తిన్నదా అని అడగాలి. స్వర్గమని అబద్ధం చెప్పనక్కర లేదు, నరకమని శాపం పెట్టే హక్కూ మనకు లేదు. ఆ చివరి నిమిషంలో కపూర్ మనసులో ద్వేషం ఉందో, భయం ఉందో, ఇంటి తలపే ఉందో ఎవరు చూశారు?

సైన్యంలో చేరబోయే మన పిల్లలకు మాత్రం సుత్తం ముందే చదివి వినిపించాలి. చేరాలా వద్దా అనేది వాళ్ల నిర్ణయం. కానీ అప్సరసలను ఆశ చూపి పంపకూడదు.

ఐక్యరాజ్యసమితి ప్రకటించిన అంతర్జాతీయ శాంతి దినం కూడా సెప్టెంబరు 21నే. ఆ రోజు విహారంలో కపూర్ పేరున ఒక దీపం పెట్టి, చేసిన దానపుణ్యం అతనికి అనుమోదన చేయవచ్చు. మైత్రీ భావనలో ఆ క్షిపణి వదిలిన పైలట్‌నూ, ఆ యుద్ధంలో రెండువైపులా బాంబుల కింద పడి పోయిన, మనకు పేర్లు తెలియనివాళ్లనూ తలుచుకోవాలి. ఎవరిని ముందు తలవాలని అడిగితే, ఎవరినైనా ఫరవాలేదు.